కూలర్ మీద మూడో పట్టీ

ఆ ఉదయం ఆకాశం తడిసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. గట్టిగా కురవదు, పోనీ ఆగదు. సన్నటి జల్లు పడుతూ ట్రాక్‌ని ఆరనివ్వకుండా కాపలా కాస్తోంది. గ్యారేజీలో ఎవరు నోరు తెరిచినా మాటతోపాటు ఆవిరి కూడా వస్తోంది.

కారు వెనక నేలమీద మోకాళ్లు మోపి, ఆమె కూలర్‌కి టేపు అంటిస్తోంది.

గేర్‌బాక్స్‌లో నూనె తిరిగి తిరిగి వేడెక్కుతుంది. ఆ వేడిని గాలికి వదిలేసే జల్లెడలాంటి రేకే కూలర్. చలిరోజున గాలి ఎక్కువ తగిలితే నూనె చిక్కబడి గేర్లు బిగుసుకుంటాయి. అందుకని కూలర్‌ని కొంత టేపుతో కప్పుతారు. ఎండ ముదిరితే ఆ టేపు పీకెయ్యాలి. పీకకపోతే నూనె మరిగి పల్చబడి, గేర్ల పళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఆమె తెల్ల టేపు వాడుతుంది. ప్రతి పట్టీకి చివర చిన్న తోకలా మడత పెడుతుంది, తొందరలో పట్టుకుని లాగడానికి. టీములో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. చేతి వెనకభాగాన్ని గేర్‌బాక్స్‌కి ఆనించి, జ్వరం చూసినట్టు కళ్లు మూసుకుంటుందని అందరికీ ఆమె డాక్టరమ్మే.

"ఇంకో పట్టీ వెయ్యండి డాక్టరమ్మా," అన్నాడు డ్రైవరు, హెల్మెట్ చంకలో పెట్టుకుని.

"రెండు చాలు."

"నిన్న పొద్దున మూడో గేరు గరగరమంది."

"అది గరగరమనలేదు. నువ్వు నమిలావు."

"చలికి బిగుసుకుపోతే నమలక బుజ్జగించమంటారా?"

"బుజ్జగించడం నీకు చేతనైతే పాత టీము నిన్నెందుకు గెంటేస్తుంది?"

పక్కన టైర్లు దొర్లిస్తున్న ఆమె బావ కిసుక్కుమన్నాడు. అక్క భర్త ఆయన. ఈ కారుకి రెండో డ్రైవరు. ఆరు గంటల రేసులో ఇద్దరూ వంతులవారీగా నడపాలి.

"మధ్యాహ్నానికి ఎండొస్తుంది," అందామె తల ఎత్తకుండానే.

"ఆకాశం మీకు ఫోన్ చేసి చెప్పిందా?"

"పడమటివైపు చూడు. మబ్బు అంచు పలచబడింది. చూసే కళ్లుంటే అదే చెప్తుంది."

అతను పడమటివైపు చూడలేదు. ఆమెవైపే చూశాడు. ఆమె మాత్రం చూడలేదు. అక్కడ కాలింది అతనికి.

టీములో అతన్ని మొండి అంటారు. ఆ పేరు పెట్టిందెవరోగానీ, మనిషిని బాగా చూసే పెట్టారు. పాత టీములో "కాస్త నెమ్మది" అంటే వినకుండా గేర్‌బాక్స్ పగలగొట్టి బయటికొచ్చాడు. ఇక్కడి చీఫ్ అతన్ని చేర్చుకుంటూ ఒకటే మాట చెప్పాడు. "సీట్లో కూర్చున్నంతసేపూ కారు నీది. దిగాక మాది. బయటినుంచి కారుమీద చెయ్యి వేశావా, అదే నీ ఆఖరి రోజు." ఈ సీటు పోతే మరో టీము గడప తొక్కనిచ్చేవాళ్లెవరూ లేరు.

ఆ చీఫే డాక్టరమ్మ తండ్రి. కూతురికీ షరతు పెట్టాడు.

"ఈ రేసులో గేర్‌బాక్స్ ఆగిపోతే, వచ్చే ఏడాదినుంచి బయటి కంపెనీ సీలు వేసి పంపే గేర్‌బాక్స్ తెప్పిస్తాను. విప్పే పనుండదు. నీకు ఆఫీసులో కుర్చీ వేస్తాను."

"ఆగదు నాన్నా. ఆగితే ఆ కుర్చీ కూడా నువ్వే ఉంచుకో," అని అందరి ముందూ తెగేసి చెప్పింది.

ఇదంతా తెలిసీ మొండి ఆ పని చేశాడు. అందరూ మీటింగుకి వెళ్లిన సమయంలో నల్ల టేపు తీసుకుని, నల్లటి కూలర్ అడుగున ఒక పట్టీ అంటించాడు. తెల్లదైతే కనిపిస్తుందని నల్లది. తోక మడవాలని అతనికి తోచలేదు. తన వంతు అయ్యాక తనే పీకేద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు.

రేసు మొదలైంది. జల్లులో గేర్లు చెప్పినట్టు విన్నాయి. "చూశావా!" అని హెల్మెట్‌లో తనకి తనే చెప్పుకుని మురిసిపోయాడు.

వంతు ముగించి లోపలికి వచ్చి దిగేసరికి, ఆమె అప్పటికే కారు వెనక కూర్చుని ఉంది. తోకలు పట్టుకుని తెల్ల పట్టీలు రెండూ సర్రున లాగేసింది. అతను వెనక్కి నడిచాడు.

"ఇటెందుకు? చెయ్యి కాలుతుంది, పో."

"నేను..."

"నీళ్లు తాగు, పో!"

చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. అతను వెళ్లి నీళ్ల సీసా అందుకున్నాడు. బావ ఎక్కాడు, కారు వెళ్లిపోయింది. ఇంకా మబ్బుగానే ఉందిగా, ఏం కాదులే అని మొండి తనను తాను సముదాయించుకున్నాడు. బావ నడిపినంతసేపూ మబ్బు అలాగే ఉంది.

ఆఖరి వంతు మళ్లీ మొండిది. అతను ట్రాక్ మీదికి వచ్చిన కాసేపటికే, ఆమె చూపించిన పడమటి అంచు చిరిగి, అందులోంచి ఎండ దూకింది. ట్రాక్ పొగలు కక్కుతూ ఆరిపోయింది. సీటు వెనకనుంచి వేడి నడుముకి తగులుతోంది. రెండో స్థానంలో ఉన్నాడు, ముందు కారు అందేంత దూరంలో ఉంది.

స్టీరింగు మీది తెరలో నూనె వేడి నూట ఇరవై డిగ్రీలు దాటింది. తర్వాత నూట ముప్ఫై. నూట నలభై దాటితే గేర్ల పని అయిపోయినట్టే.

రేడియోలో ఆమె గొంతు వినిపించింది. ఎప్పుడూ తడబడని గొంతు. "నూట ముప్ఫై నాలుగా? నిజమేనా?"

"నిజమే."

"రెండు పట్టీలూ నేనే తీశాను. నా చేతుల్తో తీశాను. ఇంత రాకూడదు."

చీఫ్ గొంతు అడ్డొచ్చింది. "రాకూడనిది వచ్చింది కదమ్మా. గేర్‌బాక్స్ అయిపోయింది. అబ్బాయ్, లోపలికి తెచ్చెయ్యి. ఇక్కడితో ఆపేద్దాం."

"ఆపొద్దు నాన్నా! నా గేర్‌బాక్స్‌లో తప్పు లేదు."

"తెరమీద అంకె అబద్ధం చెప్తోందా?"

"అంకె నిజమే. కారణం మాత్రం నా గేర్‌బాక్స్ కాదు."

"మరి ఇంకేంటో చెప్పు."

జవాబు ఉన్నది అతని దగ్గర. కిక్కురుమనకుండా కారు తెచ్చి ఆపేస్తే, నిందంతా గేర్‌బాక్స్‌ది. సాయంత్రం ఎవరూ చూడకుండా పట్టీ పీకేస్తే, సీటు అతనిదే. ఆమెకి ఆఫీసులో కుర్చీ.

నడుముకి తగిలే వేడి ఇప్పుడు గుండెలోకి పాకింది. రేడియో బొత్తాం నొక్కాడు.

"చీఫ్. కూలర్ అడుగున నల్ల టేపుంది. అంటించింది నేనే."

కారు ఒక మలుపు దాటింది. రెండో మలుపూ దాటింది.

"ఎప్పుడు?" అందామె.

"పొద్దున. మీరు లేనప్పుడు."

"తోక మడిచావా?"

"లేదు."

"వెధవాయ్," అందామె. తిట్టు అంత చల్లగా ఉంటుందని అతనికి తెలీదు. "లోపలికి రా."

కారు గ్యారేజీ ముందు పిట్‌లో ఆగింది. అద్దంలో ఆమె కనిపిస్తోంది. మందపాటి గ్లౌజుతో టేపు అంచు దొరకలేదు. వేడికి ఉడికి రేకుకి కరుచుకుపోయింది. ఆమె గ్లౌజు పళ్లతో లాగి అవతల పారేసింది. వట్టి గోరు పెట్టి గీకింది. మొహం ముడుచుకుందిగానీ చెయ్యి వెనక్కి తియ్యలేదు. నల్ల పట్టీ ఊడి వచ్చింది.

చీఫ్ తలుపు దగ్గరికి వచ్చాడు. "దిగు. అల్లుడు ఎక్కుతాడు."

మొండి బెల్టు మీద చెయ్యి వేశాడు. ఈసారి ఎదురు చెప్పే మొహం లేదు.

"దిగకు!" రేడియోలోనూ, కారు వెనకనుంచీ ఒకేసారి వినిపించింది. "నిలబడిన కారుకి గాలి ఉండదు నాన్నా. అతను దిగి, బావ ఎక్కి, బెల్టులు బిగించేలోపు నూనె ఇంకా మరుగుతుంది. నా గేర్‌బాక్స్ అంతసేపు ఓర్చుకోదు."

"నేను దిగమన్నాను."

"విన్నాను. నేను దిగొద్దన్నాను. తిట్టాల్సింది తర్వాత తిట్టు." పైకప్పు మీద ధడేల్‌మని ఒక్క చరుపు చరిచింది. "పో! నీ మీద జాలితో కాదు. కారు కదలాలి, అంతే."

కారు కదిలింది.

అప్పటినుంచి ఆమె చెప్పడం, అతను వినడం. వినడం అతనికి కొత్త. కొత్త బూట్లలా కాసేపు కరిచింది.

"గేరు ముందే మార్చు. ఇంజన్ అరిచేదాకా ఆగకు."

"సరే."

"ముందు కారు వెనక దాక్కోకు. దాని వెనక గాలంతా వేడిగాలే. పక్కకి జరిగి కూలర్‌కి మంచి గాలి తగలనీ."

"పక్కకి జరిగితే అందుకోలేను."

"అందుకోవద్దు."

అతని కాలు ఒక్క క్షణం మొరాయించింది. తర్వాత పక్కకి జరిగాడు. పిట్‌లో రెండో స్థానం ఎలాగూ పోయింది. ఇంకో కారు దాటి వెళ్లింది. పళ్లు బిగించాడు, అంతే. నూట ముప్ఫై ఎనిమిది, నూట ముప్ఫై ఆరు. అంకె ముసలాయన మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే దిగుతోంది.

"డాక్టరమ్మా, మీ దగ్గర ఇంకోటి కూడా దాచాను."

"ఇంకెన్ని టేపులు అంటించావు?"

"టేపు కాదు."

"రేడియో పనికి మాత్రమే," అన్నాడు చీఫ్.

"నూట ఇరవైకి దింపు. అప్పుడు చెబుదువుగాని," అందామె.

జీవితంలో అతను ఏ అంకె కోసమూ అంత ఎదురుచూడలేదు. నూట ఇరవై ఆరు. ఇరవై మూడు. మలుపు ముందు కాలు తియ్యడం, మెల్లగా గేరు వెయ్యడం, పక్కకి జరిగి గాలి పట్టడం. ఎవరో తన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టుంది.

"నూట ఇరవై," అన్నాడు.

రేడియోలో టీముకి వండిపెట్టే ఆమె మేనత్త గొంతు. ఎవరి హెడ్‌సెట్ లాక్కుందో! "చెప్పు నాయనా. మేమందరం వింటున్నాం."

"అత్తా!" అంది డాక్టరమ్మ.

వెనక్కి తగ్గే మనిషైతే అక్కడే తగ్గేవాడు. "ఆ పట్టీ వేసింది మిమ్మల్ని నమ్మక కాదు. రెండు చాలు అంటూ నా మొహంవైపైనా చూడలేదని పంతం. చిన్నపిల్లాడి పంతం. నేను ఇంతవరకూ ఎవరి మాటకీ కాలు తియ్యలేదు. ఇవాళ తీశాను. చెప్పేది నువ్వైతే రోజూ తీస్తాను. చీఫ్, మీకు కోపం వస్తే రానివ్వండి. ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను."

ఒక చుట్టు పూర్తయింది.

"పొడుగు దారిలో ఆరో గేరు ముందే వెయ్యి," అందామె చివరికి. ఆ మాట వెనకే, "సరే," అంది.

"సరే గేరుకా, నాకా?"

"ముందు గేరు వెయ్యి."

బావ నవ్వు రేడియో నిండా పడింది.

నాలుగో స్థానంలో గీత దాటారు. కప్పు లేదు, పూలదండ లేదు. గేర్‌బాక్స్ మాత్రం ఆరు గంటలూ తిరిగింది. కారు ఆగగానే ఆమె ఎడమచేతి వెనకభాగం దానికి ఆనించి, కళ్లు మూసుకుని, తెరిచి, తండ్రివైపు చూసింది. మాట అక్కర్లేని చూపు అది.

చీఫ్ డ్రైవరు ముందు నిలబడ్డాడు. "వచ్చే రేసులో నువ్వు నడపవు."

"తప్పు నాదే. నడపను."

"మరింక వెళ్లు."

"వెళ్లను. వచ్చే రేసుకి వస్తాను."

"దేనికి?"

"కూలర్లు తుడవడానికి. తోకలు మడవడం నేర్చుకోవడానికి."

"నేను వద్దంటే?"

"గేటు బయట నిలబడతాను. ఎండకీ వానకీ నేను పనికొస్తాను చీఫ్, మీ నూనెలా కాదు."

చీఫ్ పెదవి చివర ఏదో కదిలింది. దాన్ని తుడిచేసుకున్నట్టు మీసం సవరించుకున్నాడు. "ఆ పని ఇచ్చేది నేను కాదు. గేర్‌బాక్స్ ఆవిడది. ఈ ఏడూ, వచ్చే ఏడూ. వెళ్లి ఆవిడనడుగు."

వ్యాను వెనక మడతబల్ల వేసి, మేనత్త రొట్టె, సూపు పెట్టింది. ఎండ వాలుతోంది. తడినేల వాసన, కాలిన నూనె వాసన కలిసిపోయాయి. అందరూ కూర్చున్నారు. మొండి దూరంగా నిలబడ్డాడు. ఆమె తన పక్కనున్న టూల్‌బాక్స్‌ని కాలితో నేలమీదికి తోసి, కుర్చీ ఖాళీ చేసింది. వచ్చి కూర్చున్నాడు.

ఆమె కుడిచేతి వేళ్లు చన్నీళ్ల గిన్నెలో ఉన్నాయి. కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి. అతను చూశాడు. తన పళ్లెంలో రొట్టె తీసి, చిన్న ముక్కలుగా తుంచి, ఆమె పళ్లెంలో పెట్టాడు. క్షమించమని అడగలేదు. ఆమె అడగమననూ లేదు. ఎడమచేత్తో ఒక్కో ముక్కా తింది.

బావ ఏదో అనబోయాడు. మేనత్త గరిటె చూపించింది. నోరు మూసుకున్నాడు.

చీఫ్ తల వంచుకుని తింటూనే, సూపు గిన్నెని మొండివైపు జరిపాడు.

ముక్కలు అయిపోయాక ఆమె ఎడమచేతి వెనకభాగాన్ని బల్ల కిందగా అతని మణికట్టుకి ఆనించింది. కళ్లు మూసుకుంది. అతను కదల్లేదు. గేర్‌బాక్స్ దగ్గరైతే ఆ చెయ్యి ఈపాటికి తీసేసేది. ఇక్కడ తియ్యలేదు.