రెండో డిస్కు

"పుష్పలతా... ఆ మిషను ముట్టుకోకు."

మా షాపు ఓనరు పురుషోత్తం సార్ గుమ్మంలోంచే పిలిచారు. అప్పటికే నేను కంప్యూటరు స్విచ్చి వేసేశాను.

తెనాలిలో మా డీటీపీ షాపు మీద పొద్దుటి నుంచీ ముసురు. రేపల్లె నుంచి జకరయ్య మాస్టారు తడుస్తూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఆయన కూతురు దేవకుమారి నాకంటే ముందు ఈ కుర్చీలోనే పనిచేసేది; నేనప్పుడు పక్క బల్ల దగ్గర ప్రూఫులు దిద్దేదాన్ని. జ్వరమొచ్చి చనిపోయింది. చర్చిలో పాడుకోడానికి తనే అల్లుకున్న పాటలన్నీ ఈ మిషన్లోనే టైపు చేసింది. అచ్చు తీసేలోపు పిలుపొచ్చింది. అవి తప్ప ఆయనకి కూతురిది ఇంకేమీ మిగల్లేదు.

"ఒక డిస్కు పాడైందండి మాస్టారూ. మరేం భయం లేదు, రెండోది ఉంది. ఏం కొట్టినా రెంటిలోనూ పడుద్ది," అన్నాను.

"నీ నోటి వాక్యాన ఆ పాటలుంటే చాలమ్మా."

సార్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. నాకదే అనుమానం. ఇదివరకు లోపల డిస్కుల్ని కాపలా కాసే కార్డొకటి ఉండేది, బాపట్ల మెకానిక్ బిగించాడు. ఏ డిస్కు కనపడకపోయినా కీచుకీచుమని అరిచేది. దేవకుమారిని మట్టి చేసొచ్చిన మర్నాడే సార్ దాన్ని పీకేశారు. "కార్డెందుకు, సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది," అన్నారు. సాఫ్ట్‌వేర్ అరవదు. మనం అడిగితేనే చెబుతుంది. బాగున్న కార్డుని ఎవరైనా పీకుతారా?

ఆమె కీబోర్డు పక్కన రోజూ సన్నజాజులు పెట్టింది ఈయనే. అందుకే ఆ ప్రశ్న మింగేశాను.

తెర వెలిగింది. మొదటి డిస్కు పోయింది. రెండోది బాగుందని చూపించింది.

పాటలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని పెదవులు కదుపుతూ చదువుకున్నారు. కంప్యూటరు డబ్బాలోంచి తడి మట్టి వాసన వచ్చింది. వాన వల్లేమో అనుకున్నాను. తర్వాత కొత్త చెక్క వాసన... చెయ్యి వేస్తే డబ్బా చల్లగా ఉంది.

"ఈ చివరి పాట నేనెప్పుడూ వినలేదే," అన్నారు మాస్టారు మెల్లగా. "సగమే ఉందేంటమ్మా?"

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

తెర మీద ఒక అక్షరం పడింది. ఆగింది. ఇంకోటి... డిస్కు లైటు కొట్టుకుంటోంది. దేవకుమారి అలాగే కొట్టేది. ఒక మాట కొట్టి, ఆగి, లోలోపల పాడుకుని, మళ్ళీ.

"సార్," అన్నాను. "ఆపమంటారా?"

సార్ తెర వైపు చూడలేదు. వచ్చి మాస్టారి కాళ్ళ దగ్గర కూలబడ్డారు.

"మాస్టారూ... ఆ రెండో డిస్కు ఇందులో లేదండి. కడసారి చూపులప్పుడు, పెట్టెకి మేకులు కొట్టకముందు... తన పాటలు తన దగ్గరే ఉండాలని నేనే తన చేతి కింద పెట్టానండి."