ఉతికిన చొక్కా

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు.

గూడబాతు పక్షుల పిల్లల్ని లెక్కపెట్టడానికి కణపచెరువులోకి దిగిన అటవీ సిబ్బందికి శవం కనిపించింది.

నీళ్ళ మధ్య మట్టిదిబ్బ. దాని మీద మూడు కణప చెట్లు. కొమ్మకొమ్మకూ గూళ్ళు. కింద వెల్లకిలా పడి ఉన్నాడు వాచర్ ముత్యాలయ్య. యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ పక్షులకు కాపలా కాసినవాడు.

ఆరూ యాభైకి ఎస్సై వనజాక్షి దిబ్బ మీద అడుగు పెట్టింది.

తల వెనక చిన్న గాయం. రక్తం దాదాపు లేదు. ఒళ్ళు కొయ్యబారింది.

"రాత్రి తొమ్మిది, పది మధ్య ప్రాణం పోయి ఉంటుంది," అన్నాడు డాక్టరు. "మిగతాది పోస్ట్‌మార్టం అయ్యాకే."

వనజాక్షి భుజం మీద టప్‌మని ఏదో పడింది.

"రెట్ట మేడం," అన్నాడు కానిస్టేబుల్ పెంచలయ్య. "గొడుగు తెస్తానంటే మీరే వద్దన్నారు."

ఆమె తుడుచుకోలేదు. దిబ్బను చూసింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మళ్ళీ శవాన్ని చూసింది. నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకుంది.

గట్టు మీద రేంజ్ ఆఫీసర్ నరేంద్రబాబు ఎదురొచ్చాడు.

"ఇందులో వెతకడానికేముంది మేడం? ఈ ఊరి గణేష్ పనే. నిన్న సాయంత్రం అయిదుకి దొంగచాటుగా చేపలకి వల వేస్తుంటే ముత్యాలయ్య పట్టుకుని వల కోసేశాడు. నీ అంతు చూస్తానని వాడు అరిచింది ఊరంతా విన్నారు."

గణేష్ అప్పటికే అటవీశాఖ జీపులో ఉన్నాడు. పెదవి చిట్లి ఉంది.

"రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంట్లో."

"చూసినవాళ్ళు?"

"నా పెళ్ళాం. ఆమె మాట మీరు నమ్మరు గదా." కిందికి ఉమ్మాడు. "ఈ పక్షుల్ని సాకింది మా తాతలు మేడం. దీపావళికి మా ఊళ్ళో టపాకాయ కాల్చరు, గూళ్ళు బెదురుతాయని. ఈ రెట్ట నీళ్ళతోనే పైరు పండించినారు. గవర్నమెంటోళ్ళు బోర్డు పెట్టినారు. ఆ రోజు నుంచి పక్షులు వాళ్ళవి, మేము దొంగలం."

"ముత్యాలయ్య మీద కోపమా?"

"ఉంది. వల కోసినాడు. అయినా ఆయన్ని చంపితే వల అతుక్కుంటదా?"

చెరువు పక్కనే ముత్యాలయ్య ఇల్లు. భార్య గురవమ్మ గడపలో కూర్చుని ఉంది. కూతురు రోజారమణి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆయన్ని చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?"

"నిన్న మధ్యాన్నం. క్యారేజీ ఇచ్చొచ్చినా."

"రాత్రి ఇంటికి రాలేదా?"

"ఆయన రావడమేంది మేడం! అక్టోబర్‌లో గూడబాతులు దిగితే కాపలా గుడిసెకి పోతాడు. అవి ఎగిరిపోయినాకే నాకు మొగుడు. నా సవతులు ఒకరా ఇద్దరా, మూడు వేలమంది!"

రోజారమణి ముఖం తుడుచుకుంది. ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

వెనకనుంచి నరేంద్రబాబు అన్నాడు: "డ్యూటీలో పోయాడు కాబట్టి వాచర్ పోస్ట్ ఈ అమ్మాయికి ఇప్పిస్తాను. పైవాళ్ళతో మాట్లాడాను."

గురవమ్మ రెండు చేతులూ జోడించింది.

వనజాక్షి పెంచలయ్య చెవిలో ఏదో చెప్పింది. అతను ఇంట్లోకి వెళ్ళాడు.

పదకొండూ నలభైకి అందరినీ వాచ్ టవర్ కిందకి పిలిపించింది. గణేష్‌ని జీపులోంచి దింపారు.

"నా భుజాలు చూడండి," అంది వనజాక్షి. "దిబ్బ మీద పది నిమిషాలున్నాను. రెండు మచ్చలు. ముత్యాలయ్య అక్కడ ఎనిమిది గంటలు పడి ఉన్నాడంటున్నారు. ఆయన చొక్కా మీద పట్టుమని పది మచ్చలు లేవు."

ఆమె గణేష్ వైపు తిరిగింది.

"ప్యాంటు నిండా ఎండిన రెట్ట. చొక్కా మీద మాత్రం మడత గీతలు, సబ్బు వాసన. ఏం గణేష్, చంపి, ఉతికిన చొక్కా తొడిగి పడుకోబెట్టావా?"

"నా చొక్కానే నేను ఉతుక్కోను మేడం!"

పెంచలయ్య ప్లాస్టిక్ కవర్ తీశాడు. ఖాకీ చొక్కా. వీపంతా తెల్లటి చారలు.

"తలుపు వెనక కొక్కేనికి ఉంది మేడం."

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. డాక్టరు. వనజాక్షి విని పెట్టేసింది.

"గుండె ఆగింది. తల మీద దెబ్బ ప్రాణం పోయాక తగిలింది. గురవమ్మా, ఆయన ఎక్కడ చనిపోయాడు?"

గురవమ్మ కొంగు ఒళ్ళోకి లాక్కుంది.

"నా ఒళ్ళో. తొమ్మిదిన్నరకి తలుపు కొట్టినాడు, ఛాతీ పట్టుకోని. పక్షులుండంగా ఇంటికి రావడం అదే మొదటిసారి. నీళ్ళడిగినాడు. తాగలేదు."

"దిబ్బ మీదికి ఎవరు చేర్చారు?"

"నేనే," అంది రోజారమణి. "అయిదున్నరకి పడవలో. దించేటప్పుడు తల చెట్టుకి తగిలింది. రాత్రి కాపలా వదిలితే తీసేస్తానని ఈ సారు నాయన్ని ఎన్నిసార్లు బెదిరించలేదు? ఇంట్లో పోయినాడంటే వాచర్ పోస్టు నాకిస్తారా?"

"చొక్కా ఎందుకు మార్చారు?"

గురవమ్మ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది.

"డ్యూటీకి పోతావుండాడు గదా మేడం. మాసిన చొక్కాతో ఏనాడూ పంపలేదు."

గణేష్ ముందుకొచ్చాడు. "అక్కా, పొద్దున మీ ఇంటి ముందరే గదా ఈ సారు మనుషులు నన్ను కొట్టింది. వినపడలేదా?"

"వినపడింది నాయనా." ఆమె తలెత్తలేదు. "బిడ్డ కోసం చెవులు మూసుకున్నా."

నరేంద్రబాబు గొంతు సవరించుకున్నాడు. "అయితే డ్యూటీ వదిలి వెళ్ళాడన్నమాట. ఇంక పోస్ట్ కుదరదు. రూల్ రూలే."

"ముత్యాలయ్య ఫోన్ చూశాను. రాత్రి తొమ్మిదీ అయిదుకి మీకు కాల్ చేశాడు," అంది వనజాక్షి. "నలభై సెకన్లు మాట్లాడారు. ఏమడిగాడు?"

నరేంద్రబాబు గట్టు వైపు తిరిగాడు.

"చెప్పండి."

"ఛాతీలో నొప్పిగా ఉందన్నాడు. తెల్లారాక చూద్దాం, కదలొద్దు అన్నాను."

"అదీ రాస్తాను. గణేష్ పెదవి సంగతి కూడా."

"రాసుకోండి. పోస్ట్ మాత్రం రాదు."

అది నిజమని వనజాక్షికీ తెలుసు. గణేష్‌ని పొమ్మంది. అతను గురవమ్మ వైపు చూడకుండా గట్టు దిగి వెళ్ళిపోయాడు.

పెంచలయ్య కవర్‌కి సీల్ వేస్తుంటే గురవమ్మ లేచి వచ్చింది.

"ఆ చొక్కా నాకిస్తారా మేడం?"

"ఇది సాక్ష్యం అమ్మా. కేసు మూసేదాకా ఇవ్వకూడదు."

"మూసినాకే ఇయ్యండి." కవర్ మీద వేళ్ళు ఆనించింది. "ఈసారి ఉతకనులే."