కొక్కేనికున్న ఇత్తడి బిళ్ళ

సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో ఓడల మరమ్మతు చేసే పాత షెడ్డొకటి అద్దెకు దొరికిందనగానే భువన ఎగిరి గంతేసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ బ్యాంకు ఉద్యోగాలు మానేసి మరీ అందులో హోటల్ పెడుతున్నారు. షెడ్డు నడుమ రెండు నిలువుల ఇనుప బాయిలర్ ఉంది. ఆవిరి యంత్రాల కాలం నాటిది. దాని కడుపులో నాలుగు బల్లలు వేస్తే, తిండికి కాకపోయినా ఫోటోల కోసమైనా జనం ఎగబడతారని ఆవిడ ఆశ.

బాయిలర్ పక్క గోడకి ఒక చెక్క పలక, దానికి వరసగా కొక్కేలు. పూర్వం కూలీ లోపల తుప్పు గోకుతుండగానే చూసుకోకుండా తలుపు బిగించి నిప్పు పెట్టేసేవారట. అలా కొందరు ఉడికి చచ్చాక గానీ దొరలకు బుద్ధి రాలేదు. అప్పుడొక నియమం పెట్టారు. లోపలికెళ్ళేవాడు తనకిచ్చిన ఇత్తడి బిళ్ళ కొక్కేనికి తగిలించాలి, బయటికొచ్చాక తనే తీసుకోవాలి. బిళ్ళ వేలాడుతున్నంతసేపూ తలుపు ముయ్యకూడదు.

ఇప్పుడు కొక్కేలన్నీ ఖాళీ. ఒక్కదానికి మాత్రం నల్లబడ్డ ఇత్తడి బిళ్ళ ఇంకా వేలాడుతోంది.

కరెంటు పని చూసే మజహర్‌ది హైదరాబాదు. ఆ బిళ్ళని ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పాడు.

"తీస్కోనీకి ఎవ్వరూ రాలే మేడమ్. ఉండనియ్యండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకుని భువన నవ్వేసింది.

దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చెయ్యకుండా పొయ్యి వెలిగించడం ఆవిడకు ఇష్టం లేదు. కత్తులకీ గరిటెలకీ గ్రైండర్‌కీ పసుపు కుంకుమ పెట్టింది. అదే చేత్తో మొగుడు మహీధర్ నుదుటా బొట్టు పెట్టింది. అతను విసుక్కుంటూనే పెట్టించుకుని, బల్బులు బిగించడానికి బాయిలర్లోకి దూరాడు. పట్టపగలే మబ్బు కమ్మి కుండపోత మొదలైంది. అప్పుడు పడింది ఆవిడ కన్ను ఆ బిళ్ళ మీద. అది మాత్రం పనిముట్టు కాదా? పళ్ళెంలో పెట్టి పూజ చేద్దామని కొక్కెం నుంచి తీసి, చింతపండుతో తోమడం మొదలుపెట్టింది.

బాయిలర్ తలుపు దానంతటదే మూసుకుంది.

వాన హోరులో మొదట తెలియలేదు. తర్వాత లోపల్నుంచి దబదబా బాదుడు వినిపించింది. భువన పరుగెత్తి పిడి పట్టుకు లాగింది. కదల్లేదు. ఎక్కడిదో తడి బొగ్గు వాసన... దాని వెనకే కాలిన వెంట్రుకల వాసన. మజహర్ మాట గుర్తొచ్చి, బిళ్ళని మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

తలుపు తెరుచుకుంది...

మహీధర్ బయటికొచ్చాడు. చొక్కా తడిసి ముద్దైంది. భువన ఏడుస్తూ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పెనంలా కాలుతోంది. అతను విదిలించుకుని పలక దగ్గరికి వెళ్ళాడు. సొంత వస్తువు తీసుకున్నట్టు బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ వెంటనే తలుపు మళ్ళీ మూసుకుంది.

"అదెందుకు నీకు?" అంది భువన, గొంతు తగ్గించి.

అతను తిరిగి చూశాడు. నుదుట బొట్టు లేదు. చెమటకి కరిగిపోయి ఉంటుంది. అలా నమ్మాలని ఎంతో ప్రయత్నించింది.

లోపల్నుంచి మళ్ళీ బాదుడు.

"భువీ... ఇక్కడెవడో నన్ను వెనక్కి నెట్టాడు. తలుపు తియ్యవే..."

మహీధర్ గొంతు.

బయట ఉన్నవాడు తలుపు దగ్గరికి వెళ్ళి, అలవాటైన పనిలా తాపీగా మరలు బిగిస్తున్నాడు. భువన అతని భుజం పట్టి లాగింది. గుంజలా కదల్లేదు.

"లోపల... మనిషున్నాడు."

అతను చేస్తున్న పని ఆపాడు. పలకకేసి చూశాడు. ఒక్క కొక్కేనికీ ఏమీ లేదు.

"బిళ్ళ లేదుగా," అన్నాడు, మహీధర్ గొంతుతోనే.

భువన బాయిలర్‌కి రెండు చేతులూ ఆనించింది. ఎన్నేళ్ళుగానో నిప్పెరగని ఇనుము...

వెచ్చగా తగిలింది.