పాసేజీ మొదటి నుంచి

ఆదివారం పొద్దున్నే దక్షిణామూర్తి డైనింగ్ టేబుల్ మీద నమూనా పరీక్ష పేపర్లు పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా కూతురు కోమలి తల దించుకుని టీ తాగుతోంది. లా కాలేజీ ప్రవేశ పరీక్ష వచ్చే ఆదివారమే. ఇంగ్లీషు పాసేజీల్లో ఆమె మార్కులు మాత్రం ప్రతిసారీ తగ్గుతూ వస్తున్నాయి.

వంటింటి గడప దగ్గర మంగ పాప్డీ చిక్కుళ్లు ఒలుస్తోంది. రోజూ ఊరి అవతలి అమ్రోలి నుంచి వచ్చి వంట చేసి వెళ్తుంది. దక్షిణామూర్తి భార్య సుమతి చనిపోయినప్పటి నుంచి ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడేది మంగ ఒక్కతే.

"పిల్లను చాయ్ అన్న తాగనియ్యుండ్రి సారూ. పొద్దుగాల్నే ఏంది గీ విచారణ? టేషన్ల కూసోబెట్టినట్టు!"

"నువ్వు జర ఊకో మంగా."

గుజరాత్ తీరాన హజీరాలోని ఒక ప్లాంటులో ఆయన షిఫ్ట్ ఇన్‌చార్జి. అక్కడ డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి మూడు ముక్కల్లో అప్పగించాలి. ఏం నడుస్తోంది, ఏం ఆగింది, ఇప్పుడు ఏం చేయాలి. అంతకు మించి మాట్లాడితే ఆయన వినడు. ఇంటికీ అదే అలవాటు తెచ్చుకున్నాడు. కోమలికి పాసేజీలు చదవడం నేర్పిందీ అలాగే. ముందు ప్రశ్న చూడు. అందులో ముఖ్యమైన మాట పట్టుకో. ఆ మాట ఉన్న వాక్యం చదివి జవాబు పెట్టెయ్. మొత్తం చదువుతూ కూర్చుంటే టైం పోతుంది.

"ఇది చూడు," అంటూ ఒక పేపరు ముందుకు తోశాడు. అందులో నది ఒడ్డున ఉండే ముసలావిడ తన పెరటి గురించి, చేపల గురించి, పట్నం వెళ్లిన మనవరాలి గురించి చెబుతుంది. ఆమె దేనికి భయపడుతోందన్నది ప్రశ్న. "వరద అని పెట్టినవు. ఎందుకు?"

"మీరు చెప్పినట్టే చేసిన డాడీ. భయం అనే మాట వెతికిన. లేదు. ఆప్షన్లల్ల ఉన్నవాటిల వరద ఒక్కటే పాసేజీల కనిపించింది. పెట్టేసిన."

"మరి అసలు జవాబు ఏ లైన్ల ఉన్నది?"

"ఏ లైన్ల లేదు."

"లేకుంటే ఎట్ల అడుగుతరు? నువ్వు సరిగ వెతకలే."

కోమలి కప్పు పక్కకు జరిపింది. "అరే డాడీ, మొత్తం చదివితేనే తెలుస్తది. పెరట్ల కాయలు రాలిపోతున్నయంటది. మనవరాలు పోయినంక నదికి పోవుడు బంద్ చేసిన అంటది. ఒక్కదాన్ని అయిపోతనని ఆమె భయం. ఆ మాట మాత్రం ఎక్కడా అనదు. తన ముచ్చట తాను చెప్పుకుంటది, బస్."

"పరీక్షల అంత టైం ఎవరిస్తరు?"

"టైం సరిపోతది. నాకే ఓపిక లేకుండ పోయింది. ఏది చదివినా జవాబు కోసం ఉరుకుతున్న." ఆమె పేపరు వెనక్కి తోసింది. "అమ్మ మాటలు గూడ మీరు గిట్లనే విన్నరు."

మంగ చేతులు ఆగాయి.

"అమ్మ సంగతి ఇప్పుడెందుకు?"

"ఎండాకాలంల నేనూ అమ్మా డుమస్ బీచికి పోయొచ్చినం. ఆ సాయంత్రం అమ్మ ఆ ముచ్చట మీకు చెప్పబోయింది. మీరు బూట్లు విప్పుకుంటూ, 'సుమతీ, ఇప్పుడు నేనేం చెయ్యాలె, అది చెప్పు' అన్నరు. 'ఏం లేదు, అన్నం తినుండ్రి' అన్నది. వానలు తగ్గకముందే అమ్మ పాయె. ముందు ఏమన్న ఇబ్బంది చెప్పిందా అని డాక్టరు అడిగితే, ఏం చెప్పలేదన్నరు మీరు. చెప్పబోయింది డాడీ. మీరు మొత్తం వినుంటే మధ్యల ఎక్కడో చెప్పేది."

దక్షిణామూర్తి ఆ సాయంత్రాన్ని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. సుమతి ఏ మాటతో మొదలుపెట్టిందో కూడా జ్ఞాపకం రాలేదు. గుండె జబ్బు చెప్పకుండా వచ్చిందని ఇన్నాళ్లూ అందరితో అన్నాడు. తనూ నమ్మాడు.

మంగ కొంగుతో కళ్లు తుడుచుకుని చిక్కుళ్ల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆయన పేపర్లన్నీ కూతురి వైపు జరిపాడు. "నేను చెప్పింది తప్పు. ఈ వారం నీ తీరుగనే చదువు. పాసేజీ అంతా చదివి, ఒక్కొక్క పేరా ఏమన్నదో నీ మాటల్ల అనుకున్నంకనే ప్రశ్న చూడు."

కోమలి తల ఊపింది.

"ఆ రోజు అమ్మ ఏం చెప్పేది ఉండె? నువ్వు పక్కనే ఉన్నవు గద బిడ్డా."

"ఇసుకల నాలుగడుగులు వెయ్యంగనే ఆయాసపడి కూసున్నది. నేనూ ఎండకే అనుకున్న. తప్పు నాది గూడ..."

"అట్ల కాదు. నాకు డ్యూటీ అప్పగిస్తున్నట్టు చెప్పకు. ఇంట్ల నుంచి బయలెల్లిన కాడికెల్లి చెప్పు."

కోమలి తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. అమ్మ ఏ చీర కట్టుకుందో, ఆటోవాడితో గుజరాతీలో బేరమాడబోయి ఎలా తడబడిందో, టమాటా భజియా అనే బజ్జీల వేడికి నోరు కాలినా ఇంకో ప్లేటు ఎందుకు చెప్పిందో. సముద్రం దాకా రావడానికి చాలాసేపు పట్టింది. దక్షిణామూర్తి కళ్ల నీళ్లు తుడుచుకోలేదు, మధ్యలో ఒక్క మాటా అడగలేదు.