ఘూర్ణనేత్రుడి కడియం

హేమకూట రాజ్యం మొత్తానికి దాహం తీర్చేది శీతల అనే ఒక్క నదే. ఉత్తరాన నల్లకొండల్లో పుట్టి, చెరకుతోటల మీదుగా వచ్చి, రాజధాని కోటగోడను ఒరుసుకుంటూ పారేది. అటువంటి నది ఒక వేసవిలో ఉన్నట్టుండి సన్నబడి, చూస్తూండగానే ఇసుకమేట అయిపోయింది. నల్లకొండల్లో కాపురం పెట్టిన ఘూర్ణనేత్రుడనే రాక్షసుడు నది పుట్టే చోట పెద్ద బండను అడ్డం పెట్టి, నీళ్లన్నీ తన లోయలోనే నిలబెట్టుకున్నాడు.

కీర్తిసేన మహారాజు సైన్యాన్ని పంపితే వాడు పకపకా నవ్వాడు. "మీ కత్తులతో నాకేం పని? మీ దేశంలో చెండాట గొప్పగా ఆడతారట కదా! ఏటా కార్తిక పున్నమికి ఒక ఆటగాణ్ణి పంపండి. నన్ను గెలిస్తే నది మీది. ఓడితే ఆ మనిషి నాది" అని కబురు చేశాడు.

చెండాట అంటే హేమకూటంలో పసిపిల్లలకు కూడా ప్రాణం. తోలుబంతిని నేలకు కొడుతూ పరుగెత్తి, ఎత్తైన స్తంభానికి బిగించిన ఇనుపకడియంలోంచి దూరేలా విసరాలి. ఆ ఆటలో ఆరితేరినవాళ్లను రాజు తన ఆస్థానంలో ఉంచుకునేవాడు. ఇసుకలో చెలమలు తవ్వుకుని రాజ్యం రోజులు నెట్టుకొస్తుంటే, వాళ్లలో ఏటా ఒకరు నల్లకొండలకు వెళ్లారు. ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి ఆస్థానం ఖాళీ అయింది. అప్పుడు రాజుగారి చూపు శృంగగిరి గురుకులం మీద పడింది.

ఆ గురుకులంలో శ్వేతకర్ణుడనే ఆచార్యుడు శాస్త్రాలతో పాటు చెండాట నేర్పేవాడు. నిరుడు రాజు పిలిచాడని, మకరందుడనే విద్యార్థి చదువు మధ్యలోనే వదిలి ఉత్సాహంగా వెళ్లాడు. అతనూ రాలేదు. అతని చెల్లెలు కురంగి అక్కడే చదువుకుంటోంది. పేరుకు తగ్గట్టే లేడిలా పరుగెత్తే పిల్ల. వాళ్ల నాన్న నదిలో పడవ నడిపేవాడు. ఇప్పుడా పడవ ఇసుకలో ఒరిగిపోయి ఉంది. నాన్న రోజూ పొద్దున్నే వెళ్లి దాని పక్కన కూర్చుని వస్తున్నాడు.

ఈ ఏడు దండనాథుడు స్వయంగా గురుకులానికి వచ్చాడు. పిల్లల ఆట చూసి, కురంగినీ, ఆమె జతగాడు పింగళుడినీ పక్కకు పిలిచాడు.

"మీ ఇద్దరిలో ఎవరొచ్చినా సరే. ఇవాళే ఆస్థానంలో ఆసనం ఇప్పిస్తాను. పట్టుబట్టలు, ఏనుగు మీద ఊరేగింపు! నల్లకొండల నుంచి గెలిచి వస్తే ఇక చెప్పేదేముంది? ఇక్కడ ఇంకా చెట్లకు నీళ్లు పోస్తూ కూర్చుంటారా?" అన్నాడు.

పింగళుడు బంతిని చేతుల్లో తిప్పాడు. "నేనింకా సిద్ధంగా లేనండి. చివరి ఏడాది పాఠాలు నాకు రావు. రాని విద్య వచ్చినట్టు వెళ్లలేను" అన్నాడు మెల్లగా. అతని చెవులు ఎర్రబడ్డాయి.

కురంగి గురువుగారిని అడిగి చెబుతానంది. గురువుగారు తోటలో ఉంటే అక్కడికి వెళ్లింది.

"అయ్యవారూ, మీరు వెళ్లమంటే వెళ్తాను, ఉండమంటే ఉంటాను" అంది.

"నిరుడు మీ అన్నను ఉండమన్నాను. వినలేదు. అప్పట్నుంచి ఆ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సిందా, అసలు చెప్పకూడనిదా అని నాలో నేనే గింజుకుంటున్నానమ్మా" అన్నాడు శ్వేతకర్ణుడు. "నువ్వు చదివింది తక్కువేం కాదు. కానీ పూర్తి కాలేదు. ఈ రెండూ నిజమే. ఎటు వెళ్లినా ఆ రెండింటినీ మరిచిపోకు. నిర్ణయం మాత్రం నీదే."

కురంగికి ఊరేగింపు మీద ఆశ లేదని కాదు. ఏనుగు మీద కూర్చుంటే ఎలా ఉంటుందోనని ఒక్క క్షణం అనుకుంది కూడా. కానీ కళ్ల ముందు నిలిచింది ఇసుకలో ఒరిగిన పడవ, దాని పక్కన నాన్న. అన్న ఎక్కడున్నాడో, ఏమయ్యాడో కూడా తెలియదు. మర్నాడు పొద్దున్నే బంతిని చంకలో పెట్టుకుని దండనాథుడి దగ్గరికి వచ్చింది.

"పట్టుబట్టలూ ఆసనమూ ఇప్పుడు వద్దండి. ముందు నన్ను నల్లకొండల దారిలో దింపండి" అంది.

పింగళుడు పొలిమేర దాకా వచ్చాడు. ఆమె చేతిలోని బంతిని తీసుకుని ఒకసారి నేలకు కొట్టి తిరిగి అందించాడు.

అడవి మొదట్లోనే ఒక ఇరుకు లోయ ఉంది. దాన్ని గండభేరుండ పక్షి కాపలా కాస్తోంది. దాని రెండు తలలూ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి.

"దాటాలంటే ఆ గుండ్రటి పండు ఇటివ్వు!" అంది ఎడమ తల.

"ముందు నాకు!" అంది కుడి తల.

"ఇది పండు కాదు, బంతి. పట్టుకోగలిగితే మీదే" అంది కురంగి. బంతిని ఎడమకు విసిరినట్టు చేయి ఊపి కుడికి కొట్టింది. కుడికి చూపి ఎడమకు తిప్పింది. రెండు తలలూ బంతి వెంట పోయి పోయి, ఒక మెడ చుట్టూ ఇంకొకటి మెలిపడిపోయాయి. కురంగి పక్షి కాళ్ల మధ్య నుంచి బంతిని కొట్టి, వెనకే తానూ దూరి అవతలికి వెళ్లింది. తీరా వెళ్లాక జాలేసి, వెనక్కి వచ్చి మెడల చిక్కు విప్పింది.

"ఎంత బాగా ఆడావు పిల్లా!" అన్నాయి రెండు తలలూ. అవి ఒకే మాట అనడం అదే మొదటిసారి.

లోయ దాటాక గుహ ముందు జటిల అనే మంత్రగత్తె కూర్చుని ఉంది. జుట్టు నేల మీద జీరాడుతోంది. కురంగిని చూడగానే, "రా తల్లీ, నీకోసమే చూస్తున్నా. చదువు సగంలో వదిలి వచ్చావు కదూ? దిగులు పడకు. నీ చేతికి గురి తప్పని మంత్రం వేస్తాను. ఏళ్ల తరబడి సాధన చేస్తే వచ్చేది ఒక్క ఊపిరిలో వచ్చేస్తుంది" అంది.

కురంగికి ఆశ పుట్టింది. ఇంతకంటే కావలసిందేముంది?

"దానికి బదులుగా ఏమివ్వాలి అవ్వా?"

"ఏమీ వద్దు. చేతిలో స్పర్శ మాత్రం పోతుంది. బంతి చేతిలో ఉన్నట్టు నీకు తెలియదు. తెలిసి నువ్వు చేసేదేముంది? పని అయితే చాలు కదా! నిరుడు ఒక కుర్రవాడు ఒప్పుకున్నాడు. మకరందుడట."

కురంగి తన అరచేతి వైపు చూసుకుంది. తోలు గరుకు, కుట్టు పడిన చోట గట్టిదనం, దెబ్బకు పైకి లేచి వచ్చి అరచేతిని తాకే బంతి బరువు అన్నీ గుర్తుకొచ్చాయి. ఆమెకు ఆట ఇష్టమయిందే వాటివల్ల.

"వద్దవ్వా. అది పోతే నేను ఎందుకు ఆడుతున్నానో నాకే తెలీదు" అని దణ్ణం పెట్టి ముందుకు సాగింది.

కార్తిక పున్నమినాటి మధ్యాహ్నానికి కురంగి నల్లకొండ శిఖరం చేరింది. అక్కడ నల్లరాతి ఆటస్థలం, అందులో ఇనుపకడియం బిగించిన ఎత్తైన స్తంభం ఉన్నాయి. ఆటస్థలం చుట్టూ రాతి దీపస్తంభాలు. ప్రతి దీపస్తంభం మీదా ఒక జ్వాల పట్టపగలే వణుకుతూ మండుతోంది. ఒక స్తంభం మీద జ్వాల ఆమెను చూడగానే ఎగిసిపడింది. కురంగి దాని దగ్గరికి పరుగెత్తింది.

"అన్నయ్యా!" అంది.

"అవును, మీ అన్నే!" అంటూ ఘూర్ణనేత్రుడు లేచి నిలబడ్డాడు. తాటిచెట్టంత ఆకారం. బండి చక్రాలంతేసి కళ్లు గిర్రున తిరుగుతున్నాయి. "ఇంత చిన్నపిల్లను పంపారా? ఒక మాట విను. నాతో ఆడొద్దు. నా కొలువులో ఉండిపో. రోజూ ఆట, రోజూ విందు. మీ అన్నను ఇప్పుడే వదిలేస్తాను."

కురంగి అన్న ఉన్న స్తంభం వైపు ఒక అడుగు వేసింది. ఒక్కసారి సరేనంటే అన్న ఇంటికి వెళ్తాడు. ఆమె చుట్టూ చూసింది. మిగతా జ్వాలలన్నీ నిశ్చలంగా నిలబడి వింటున్నట్టు అనిపించింది.

"మరి వీళ్లందరూ? నది?"

"వాళ్లతో నీకేం పని?"

"అయితే ఆడదాం" అంది కురంగి.

నియమం ఒక్కటే. పొద్దు పడమటి కొండను తాకేలోగా ఆమె బంతి ఒక్కసారి కడియంలోంచి దూరాలి. కురంగి గురిచూసి విసిరింది. బంతి చేరేలోపు కడియం స్తంభం మీద పక్కకు జరిగిపోయింది! మళ్లీ విసిరింది. మళ్లీ జరిగింది. రాక్షసుడు కడుపు పట్టుకుని నవ్వాడు. అన్న గురి ఎందుకు పనికిరాలేదో ఆమెకు అర్థమయింది. గురి తప్పని చేయి, కడియం అంతకుముందు ఉన్న చోటికే విసురుతుంది.

విసిరి విసిరి చేతులు గుంజుతుండగా ఆమె ఒక సంగతి కనిపెట్టింది. రాక్షసుడి కళ్లు బంతి మీదే ఉంటున్నాయి. ఆ కళ్లు ఎలా తిరిగితే కడియం అలా తిరుగుతోంది. బంతి ఎటు పోతుందో ఎదుటివాడికి తెలియకుండా, కళ్లు మూసుకుని విసరడం గురుకులంలో చివరి ఏడాది పాఠం. అది ఆమెకు రాదు. పెద్ద విద్యార్థులు కళ్లకు గుడ్డ కట్టుకుని సాధన చేస్తుంటే దూరం నుంచి చూసిందంతే.

"రానిది రాదు. వచ్చిందేమిటి?" అనుకుంది. పరుగు వచ్చు. పరుగెత్తుతూ బంతిని నేలకు కొట్టడం వచ్చు.

విసరడం మానేసి కురంగి రాక్షసుడి చుట్టూ పరుగు మొదలుపెట్టింది. బంతి నేలకు టప్ టప్‌మని కొట్టుకుంటోంది. కుడికి కాసేపు తిరిగి, చటుక్కున మళ్లి ఎడమకు. దగ్గరగా వచ్చి, మళ్లీ దూరంగా. బంతిని వదలకుండా చూస్తూ రాక్షసుడి కళ్లు గిరగిరా తిరిగాయి. ఒకసారి కురంగి కాలు జారి పడింది. మోకాలు చిట్లింది. పడినచోటి నుంచే బంతిని కొడుతూ లేచి మళ్లీ పరుగెత్తింది. ఊపిరి అందడం లేదు. పొద్దు వాలిపోతోంది.

"ఆగవే! ఒక్కచోట నిలబడు! నాకు తల తిరుగుతోంది!" అని అరిచాడు ఘూర్ణనేత్రుడు. పైన కడియం కూడా పిచ్చిపట్టినట్టు తిరిగి, గజగజ వణికింది. వాడు తూలి, రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకుని దభేలున కూలబడ్డాడు. ఆ క్షణంలో కడియం ఆగింది. కురంగి నిలబడి, బంతి బరువును చేతిలో ఒకసారి చూసుకుని విసిరింది.

బంతి కడియంలోంచి దూరి నేలమీద పడిన చప్పుడుకు కొండ పగిలినట్టయింది. లోయలో అడ్డంగా ఉన్న బండ రెండుగా చీలింది. నీళ్లు హోరుమని దూకాయి. దీపస్తంభాలన్నీ కరిగి, వాటి మీది జ్వాలలు మనుషులుగా మారాయి. ఘూర్ణనేత్రుడు ఇచ్చిన మాటకు కట్టుబడి, తల పట్టుకుని, తూలుకుంటూ కొండల వెనక్కి వెళ్లిపోయాడు.

మకరందుడు చెల్లెల్ని పట్టుకుని ఏడ్చాడు. "చేతుల్లో మళ్లీ స్పర్శ వచ్చింది కురంగీ! నీ తల మీద దుమ్ము కూడా తెలుస్తోంది" అన్నాడు.

"ముందు ఆ దుమ్ము దులుపు అన్నయ్యా" అని నవ్వింది కురంగి, తానూ ఏడుస్తూనే.

వాళ్లు రాజధానికి చేరేసరికి నది వాళ్లకంటే ముందే చేరింది. నాన్న పడవ మీద నిలబడి ఊళ్లోవాళ్లందరికీ చేయి ఊపుతున్నాడు. కీర్తిసేన మహారాజు ఎదురొచ్చి, "అమ్మా, ఆస్థానంలో మొదటి ఆసనం నీది. ఇవాళ్టి నుంచే!" అన్నాడు.

"మహారాజా, నేను గెలిచింది వాడికి కళ్లు తిరగబట్టి. కళ్లు తిరగనివాడు వస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు. గురుకులానికి తిరిగి వెళ్లి మిగిలిన చదువు పూర్తిచేస్తాను" అంది కురంగి.

రాజు ముఖం చిన్నబోయింది. "నీకోసం ఆసనం ఖాళీగా ఉంచలేను తల్లీ. ఆ తర్వాత దొరుకుతుందని మాట కూడా ఇవ్వలేను."

"అప్పుడొచ్చి అందరితో పాటు ఆడి అడుగుతాను."

మకరందుడు మాత్రం ఆస్థానంలోనే ఉండిపోయాడు. "నాకిక పుస్తకాల మీద మనసు నిలవదు చెల్లీ. ఆటే నా పని. ఈసారి నా చేతులతోనే ఆడతాను" అన్నాడు. కురంగి వద్దనలేదు.

గురుకులంలో ఆమెను ముందుగా చూసింది పింగళుడు. చెట్లకు నీళ్లు పోస్తున్నవాడు కడవ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు పొద్దున్నే శ్వేతకర్ణుడు కురంగి కళ్లకు గుడ్డ కట్టి, చేతికి బంతి ఇచ్చాడు. రాక్షసుణ్ణి గెలిచిన పిల్ల విసిరిన మొదటి బంతి కడియానికి ఆమడ దూరంలో, గోశాల కప్పు మీద పడింది. పిల్లలందరూ గొల్లుమన్నారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది కురంగే.

చదువు పూర్తయ్యాక ఆమె రాజధానికి వెళ్లింది. అప్పటికి మొదటి ఆసనం మకరందుడిది. అన్నాచెల్లెళ్ల ఆట చూడడానికి పడవల మీద, బండ్ల మీద రాజ్యమంతా కదిలి వచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సరిసమానంగా సాగిన ఆటలో, చివరికి కురంగి కళ్లు మూసుకుని వెనక్కి విసిరిన బంతి కడియంలోంచి జారింది. ఓడిన మకరందుడే ముందుగా కేక పెట్టి, చెల్లెల్ని భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

ఆ ఏడే కురంగికీ పింగళుడికీ శీతల నది ఒడ్డున పెళ్లయింది. ఆమె మొదటి ఆసనంలో ఆస్థాన క్రీడాధిపతిగా ఉన్నంత కాలం హేమకూటంలో నీటికి కరువు రాలేదు, ఆటకూ కరువు రాలేదు.