ఏటి మధ్యలో ఆరో అడుగు

"లీలక్కా!"

మైకు ముందు నిలబడ్డ రమామణి గొంతు చించుకుని పిలిచింది. ఆ కేక ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్ చీకట్లో, గోడలకు కొట్టిన మెత్తల్లోకి ఇంకిపోయింది.

అద్దాల గదిలోంచి సౌండు ఇంజనీరు బసవపున్నయ్య స్పీకరులో పలికాడు. "అమ్మాయ్, ఆ మాట కాగితంలో లేదు. హీరోయిన్ ఏట్లో నడుస్తూ నవ్వుతుంది. నువ్వు నవ్వాలి, అంతే."

"ఆవిడ హీరోయిన్ కాదండీ, మా అక్క! వెనకనుంచి చూస్తే మాత్రం నాకు నడక తెలీదా?"

"నడిచేది ఎవరైనా తెర మీద పేరు హీరోయిన్‌దే. నవ్వు తల్లీ, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాలి."

రమామణి పక్కకి తిరిగింది. డైలాగు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అసిస్టెంట్ డైరెక్టర్ వేంకటరమణ కూర్చున్నాడు. లీలాకుమారిని చేసుకోవలసినవాడు గనుక రమామణికి అతను బావే.

"అక్క నాలుగో రోజే ఎవరితోనో బస్సెక్కి వెళ్ళిపోయిందన్నావు కదా బావా? కొండ మీది ఈ షాట్ ఆరో రోజు తీశామని ఇందాక నువ్వే అన్నావు."

"తారీఖులు నాకేం గుర్తుంటాయి రమా..." అన్నాడు.

గుర్తున్నాయి. ఆ దారిలో ఒక్కొక్క చెట్టూ గుర్తుంది.

ఎనభై ఎనిమిది అక్టోబరు. పాట తీయడానికి మనాలి వెళ్ళారు. నిర్మాత పట్టాభిరామయ్యకి చేపలు పట్టే పిచ్చి. ఆ మంచు సెలయేళ్ళలో ట్రౌట్ అనే చేప ఉంటుందనీ, ఒంటి నిండా ఎర్రటి చుక్కలతో నగలా మెరుస్తుందనీ ఎవరో చెప్పారు. అంతే, గాలం కర్రలు భుజాన వేసుకుని పట్టాభిరామయ్యా, కెమెరామనూ, వేంకటరమణా, లీలా నలుగురూ కొండెక్కారు. దారిలో మంచి చోటు కనిపిస్తే దూరంనుంచి ఒక షాట్ తీసుకోవచ్చని కెమెరా కూడా మోసుకెళ్ళారు. అంత దూరం నడవనని హీరోయిన్ మంచం దిగలేదు. ఆమె నీలం చీర కట్టుకుని డూపుగా లీల బయలుదేరింది.

మూడు గంటల నడక. దేవదారు చెట్ల సందుల్లోంచి మబ్బులు మనుషుల్లా నడిచొచ్చి, ఒళ్ళు తాకి వెళ్ళిపోయేవి. లీల చెయ్యి పట్టుకుని ఎక్కుతుంటే, ఈ కొండకి శిఖరమే లేకపోతే ఎంత బాగుండు అనుకున్నాడు వేంకటరమణ.

సాయంత్రం దిగేటప్పుడు ముగ్గురే ఉన్నారు.

శవం దొరకలేదు. సినిమా ఆగిపోతుందని పట్టాభిరామయ్య అందరి నోళ్ళూ మూయించాడు. ఎవరితోనో లేచిపోయిందన్న అబద్ధాన్ని వెంగళరావు నగర్‌లోని లీల వాళ్ళింటికి మోసుకొచ్చింది మాత్రం వేంకటరమణే. ఆ రోజే వాళ్ళమ్మ శారదాదేవి పెద్ద కూతురి ఫొటోలన్నీ పొయ్యిలో పడేసింది. రమామణి మాత్రం ఇప్పటికీ పోస్టుమాన్ వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడుతుంది. ఆ పిల్లకి నిజం తెలిస్తే తన మొహం చూడదని అతని భయం.

"మళ్ళీ వేస్తున్నా," అన్నాడు బసవపున్నయ్య.

డబ్బింగుకి చిన్న ఫిలిం ముక్క తీసుకుని, మొదలూ చివరా కలిపి అతికిస్తారు. గొంతు కుదిరేదాకా అదే బొమ్మ తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. నీలం చీర ఏట్లోకి దిగుతుంది. అయిదు అడుగులు వేస్తుంది. మళ్ళీ ఒడ్డున ఉంటుంది.

మొదటిసారి నీళ్ళు పాదాలు మునిగేదాకా.

రెండోసారి పిక్కల దాకా.

మూడోసారి... మోకాళ్ళ దాకా.

వేంకటరమణ కళ్ళు నులుముకున్నాడు. బయట జూబ్లీహిల్స్ బండలు మే నెల ఎండకి సెగలు కక్కుతున్నాయి. లోపల ఏసీ పొద్దుటినుంచి పనిచెయ్యడం లేదు. అయినా ఎముకలు కొరికే చలి. దేవదారు జిగురు వాసన. దాని వెనకాలే సన్నగా చేప నీచు...

"బావా," రమామణి గుసగుసగా అంది. "నీళ్ళు పెరుగుతున్నాయేంటి?"

"ఫిలింలో నీళ్ళెలా పెరుగుతాయి? అటు చూడకు. నవ్వెయ్యి, వెళ్ళిపోదాం."

"చప్పుడు కూడా వస్తోంది."

వస్తోంది. ఏటి హోరు. ఆ షాట్ ఉత్త బొమ్మే. దానికి ఇంకా ఏ శబ్దమూ కలపలేదు.

నాలుగోసారి. నడుము దాకా.

"పున్నయ్యగారూ, ఆపండి!"

అద్దం వెనక బసవపున్నయ్య తల వాల్చుకుని కూర్చున్నాడు. కదల్లేదు.

వేంకటరమణ తలుపు దగ్గరికి పరుగెత్తాడు. రెండు చేతులా లాగాడు. అవతలనుంచి ఏదో బరువు అదిమి పట్టినట్టు... రాలేదు. వెనక్కి తిరిగాడు.

రమామణి మైకు దగ్గరే ఉంది. ఆమె లంగా అంచు నల్లగా తడిసింది. తడి పైకి పాకుతోంది... మోకాళ్ళు... నడుము... నేల మాత్రం పొడిగా ఉంది.

"చలి బావా... కాళ్ళు కదలట్లేదు..."

అయిదోసారి. తెర మీద నీళ్ళు గుండెల దాకా. రమామణి ఓణీ గుండెల దాకా తడి. ఆమె దగ్గింది. పెదవి చివరనుంచి నీళ్ళు కారాయి.

అయిదో అడుగు దగ్గర ముక్క అయిపోవాలి. అవలేదు. నీలం చీర అక్కడే ఆగింది. మెల్లగా... చాలా మెల్లగా... ఇటు తిరగడం మొదలుపెట్టింది.

ఆమెకి కావలసిందేమిటో అప్పుడు తెలిసింది వేంకటరమణకి.

"నా తప్పే..." అని గొణిగాడు.

తడి రమామణి మెడ దాకా పాకింది.

స్పీకరు కరకరమంది. బసవపున్నయ్య గొంతే. నిద్రలో పలవరిస్తున్నట్టుంది.

"ఇంకోసారి చెప్పు. ఆవిడకి వినపడలేదట."

"ఎవరికి?"

రికార్డింగు మొదలైనట్టు మైకు మీద ఎర్రదీపం వెలిగింది.

వేంకటరమణ మంచుగడ్డలాంటి రమామణి భుజాలు పట్టుకున్నాడు. తెర వంక చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని, మైకు ముందుకి వంగాడు.

"ఆర్టిస్టు నీళ్ళలో దిగేముందు అసిస్టెంటు దిగి లోతు చూడాలి. నేను దిగలేదు రమా. నా గాలానికి చేప తగిలింది. మోకాలి లోతే, నడువు అని ఒడ్డున కూర్చునే చెప్పాను. ఆరో అడుగులో గుంట. కర్ర అందించమని మీ అక్క చెయ్యి చాపింది. కర్రకి ట్రౌట్ ఉంది... ఒక్క క్షణం లీలా, ఒక్క క్షణం అన్నాను. చేపని ఒడ్డుకి లాగి తలెత్తేసరికి చెయ్యి కనపడలేదు. మీ అక్క ఎవరితోనూ వెళ్ళిపోలేదు."