భైరి డేగకు ఎర

"పెళ్ళికొడుకు నాగేంద్రబాబు. పెళ్ళికూతురు వాణి. నువ్వు పడవ నడిపేవాడివి."

అమలాపురం లాడ్జి గదిలో చీఫ్ పుష్పలత వేషాలు పంచగానే ఏజెంట్ జీవన్ మొహం మాడిపోయింది.

"మేడమ్, మొగుడి వేషం నేనూ వెయ్యగలను."

"వాణి ఎదురుగా నీకు నటన రాదు. కూర్చో."

కోస్తా రాడార్ల కోడ్ ఉన్న మైక్రోచిప్‌ను విదేశీ ముఠా ఒకటి కాజేసింది. రోడ్లన్నిటా తనిఖీలు. అందుకని చిప్‌ను భైరి డేగ కాలికి కట్టి, సముద్రంలో కాచుకున్న ట్రాలర్‌కు పంపబోతున్నారు. అరుదైన ఆ జాతి డేగను చూడాలని రేపు అంతర్వేదికి పక్షి ప్రేమికుల బృందం వెళుతోంది. ముఠా మనిషి వాళ్ళలోనే ఉంటాడు. ఎవరో తెలియదు.

వాణి డబుల్ ఏజెంట్. తమ మనిషే అనుకుని, డేగను పిలిచే ఈలను ముఠా ఆమె ఫోన్‌కు పంపింది.

"డేగ ఎగిరితే ఆ ఈల వేసి ఎర తిప్పాలి. ఆ పని నాగేంద్రది. వాణి టోపీ తీసిందంటే శత్రువు దొరికినట్టు," అంది పుష్పలత.

మర్నాడు ఉదయం సఖినేటిపల్లి రేవులో, లుంగీ తలపాగాలతో జీవన్ ఇంజన్ దగ్గర నిలబడ్డాడు.

"పనసపొట్టు దొరుకుతుందాండీ?" కోడ్ అడిగింది వాణి, ఎర్రటోపీ సర్దుకుంటూ.

"ఆయ్. ఆవ పెట్టిందేనండి."

ఆమె వెళ్ళి నాగేంద్ర పక్కన కూర్చుంది.

బృందం పెద్ద భీమరాజు. జరీ అంచు పంచె, జరీ కండువా, భుజాన పొడవాటి టెలిస్కోప్ సంచి, తేనెలాంటి మాట. "కొత్త దంపతులు ముందుకు రండమ్మా! గాలి బావుంటుంది."

పడవ కదిలింది. వాణి నాగేంద్ర చెవి దగ్గర పెదవులు చేర్చి ఏదో అంటోంది. అతను నవ్వాడు. అతని చెంప మీద పడ్డ నీటితుంపరను ఆమె కొంగుతో తుడిచింది. రెండేళ్ళు కలిసి పనిచేసినా జీవన్ కాలర్ కూడా ఆమె ఎప్పుడూ సరిచెయ్యలేదు. అందరూ ఆకాశం చూస్తున్నారు. అతను మాత్రం ఆ కొంగునే చూస్తున్నాడు.

సంగమం దగ్గర ఇసుక దిబ్బ మీద దిగగానే నాగేంద్ర సరుగుడు తోట చాటుకు వెళ్ళాడు. జీవన్ వెనకే నడిచాడు.

"ఆయ్... కాసేపట్లో ఎగురుతుంది. ఎవరికీ అనుమానం రాలేదండి," ఫోన్‌లో గుసగుసగా అంటున్నాడు నాగేంద్ర.

జీవన్ తలపాగాలోని మైక్ నొక్కాడు. "మేడమ్, నాగేంద్ర అమ్ముడుపోయాడు."

"ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"తెలీదు."

"అయితే ఆగు."

జీవన్ ఆగలేదు. వెనకనుంచి మీదపడి, నాగేంద్ర చేతిని సరుగుడు చెట్టుకు బేడీతో బిగించాడు.

"ఓరి పిచ్చోడా! కోస్ట్‌గార్డ్‌తో మాట్లాడుతున్నానయ్యా!"

అప్పుడే ఒడ్డున కేక. జీవన్ తిరిగి చూశాడు. వాణి తల మీద టోపీ లేదు. భీమరాజు టెలిస్కోప్ సంచి తెరిచి ఉంది. అతని ముంజేతి మీద భైరి డేగ, రెండో చేతిలో పిస్టల్. వాణి పులిలా దూకి పిస్టల్ పట్టిన చేతిని రెండు చేతులా ఒడిసిపట్టింది. పక్షి ప్రేమికులు ఇసుకలో బోర్లా పడ్డారు. డేగ లేచింది. దూరాన ట్రాలర్ హారన్ మోగింది.

"నా సంచిలో ఎర ఉంది, తిప్పు!" అరిచాడు నాగేంద్ర.

"బేడీ?"

"తర్వాత! ముందు పరిగెత్తు!"

జీవన్ తాడు చివర మాంసం కట్టిన ఎరను లాక్కుని నీటి అంచుకు ఉరికాడు. వెనకనుంచి ఈల వినిపించింది. పడవలో వాణి అతని చెవిలో నేర్పింది అదేనన్నమాట! కడుపులో మళ్ళీ భగ్గుమంది. అయినా తాడు తిప్పుతూనే ఉన్నాడు. డేగ చుక్కంతయింది. ట్రాలర్ మీదికి వంగింది. నాగేంద్ర ఊపిరంతా కూడదీసి మరోసారి ఈల వేశాడు.

చుక్క వెనక్కి తిరిగింది. విసిరిన రాయిలా దూసుకొచ్చి ఎరను గోళ్ళతో పట్టేసింది. జీవన్ దాని కాలినుంచి చిప్ ఊడదీసేసరికి భీమరాజు చేతులు తన జరీ కండువాతోనే కట్టించుకుని కూర్చున్నాడు. కోస్ట్‌గార్డ్ పడవ ట్రాలర్‌ను చుట్టుముట్టింది.

బేడీ విప్పుతుంటే నాగేంద్ర ముంజేయి కమిలిపోయి కనిపించింది. జీవన్ తలెత్తలేకపోయాడు.

"ఈల నాకెందుకు నేర్పలేదు?" అడిగాడు వాణిని, చివరికి.

"నువ్వు అడగలేదుగా," అంది ఆమె.

చెవిలో పుష్పలత గొంతు: "నాగేంద్రకు బేడీ ఎందుకు వేశావు? రిపోర్టులో ఏం రాయను?"

"కవర్ కోసమని రాయండి మేడమ్."

"కవర్ బానే ఉందయ్యా. కడుపుమంటే ట్రాలర్ దాకా కనపడింది."